భాగం - 9 : గాలపు వేటగాళ్లు మెచ్చిన నదీముఖం ఎలా క్షీణించింది? – సెయింట్ లూసీ నదిపై ఒక అధ్యయనం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 నదీముఖం – స్వభావం
9.3 సెయింట్ లూసీ – భౌగోళిక నేపథ్యం
9.4 నీటి దారి మార్చిన కట్టడాలు
9.5 క్షీణత జరిగే విధానం
9.6 సరస్సు నీరు చేరని చోట
9.7 వేట నియమాలు ఎందుకు చాలలేదు?
9.8 జ్ఞాపకం – కొలమానం
9.9 పునరుద్ధరణ ప్రయత్నాలు
9.10 గోదావరితో పోలిక
9.11 సారాంశం
9.12 కీలక పదాలు
9.13 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు
9.14 నమూనా పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు

- నదీముఖంలో లవణీయత, వెలుతురు, పోషకాలు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉంటాయో వివరించగలుగుతారు.
- ఎక్కడో ఎగువన కట్టిన కాలువ, కరకట్ట దిగువ నదీముఖాన్ని ఎలా దెబ్బతీస్తాయో ఉదాహరణతో చెప్పగలుగుతారు.
- చేపల వేటను నియంత్రించడానికీ, చేపల ఆవాసాన్ని కాపాడడానికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
- ఒక జలవనరు క్షీణతకు కారణాలను వేరుచేసి, వాటి బరువును అంచనా వేయగలుగుతారు.

9.1 పరిచయం

ఒక నది చెడిపోతున్నదని మొదట ఎవరికి తెలుస్తుంది? ప్రయోగశాలకు నీటి నమూనా చేరకముందే ఆ సంగతి కొందరికి తెలిసిపోతుంది. వారు ఏళ్ల తరబడి ఒకే రేవు నుంచి పడవ ఎక్కేవారు, ఒకే మలుపు దగ్గర గాలం వేసేవారు. నీటి రంగు మారినా, అడుగున గడ్డి పలచబడినా, రావలసిన నెలలో చేప రాకపోయినా వారి కంట పడుతుంది. అయితే వారు చూసింది పర్యవసానం మాత్రమే. దాని కారణం చాలాసార్లు వారి కంటికి కనిపించనంత దూరంలో ఉంటుంది.

ఈ భాగంలో అమెరికా దేశంలోని ఫ్లోరిడా రాష్ట్ర తూర్పు తీరంలో ఉన్న సెయింట్ లూసీ నదీముఖాన్ని, దానితో కలిసిన ఇండియన్ రివర్ లగూన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఇందుకు మూడు కారణాలున్నాయి. మొదటిది, ఈ జలాలు గాలపు వేటకు ప్రపంచ ప్రసిద్ధి పొందినవి. రెండవది, ఇక్కడి క్షీణత ఒకే కార్ఖానా వల్లనో, ఒకే ప్రమాదం వల్లనో జరిగింది కాదు. వందేళ్లకు పైగా తీసుకున్న అనేక నిర్ణయాల మొత్తం ఫలితం. మూడవది, ఆ నిర్ణయాల్లో చాలావాటికి అప్పటి పరిస్థితుల్లో బలమైన కారణాలున్నాయి. కాబట్టి ఈ కథలో ఒక దోషిని వెతికి పట్టుకోవడం కంటే, నీరు నడిచిన దారిని అర్థం చేసుకోవడం మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

9.2 నదీముఖం – స్వభావం

నది మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే పాక్షికంగా మూసుకున్న జలభాగమే నదీముఖం. మన కోస్తా జిల్లాల్లో 'మొగ' అని పిలిచే చోటు, దాని వెనుక ఆటుపోట్లు తాకే నదీభాగం ఇందులోకి వస్తాయి. ఒక కిలో సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మంచినీటిలో అది దాదాపు శూన్యం. నదీముఖంలో లవణీయత ఈ రెండింటి మధ్య ఆటుపోటుతోను, రుతువుతోను మారుతూ ఉంటుంది.

ఈ మార్పు హద్దుల్లో ఉన్నంత కాలం మేలే చేస్తుంది. నది తెచ్చిన పోషకాలు, లోతు తక్కువ కావడం వల్ల అడుగుదాకా అందే ఎండ, పెద్ద చేపలు సులువుగా చొరబడలేని గడ్డి, మడ వేర్లు – ఇవన్నీ కలిసి నదీముఖాన్ని పిల్ల చేపలకు ఊయలగా మారుస్తాయి. సముద్రంలో పెరిగే అనేక జాతులు తమ తొలి దశను ఇక్కడే గడుపుతాయి. అందుచేత నదీముఖం దెబ్బతింటే నష్టం అక్కడితో ఆగదు. సముద్రంలో దొరికే చేప మీద కూడా పడుతుంది.

ఇక్కడ మీరు ఒక విషయం గుర్తుంచుకోవాలి. నదీముఖానికి మంచినీరు 'కాలుష్యం' కాదు, అవసరం. కానీ ఎంత నీరు, ఏ కాలంలో, ఎంత వేగంగా, ఏ నాణ్యతతో వస్తుందన్న నాలుగు ప్రశ్నల మీద దాని ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది. రాబోయే విభాగాలన్నీ ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

9.3 సెయింట్ లూసీ – భౌగోళిక నేపథ్యం

సెయింట్ లూసీ నదికి ఉత్తర పాయ, దక్షిణ పాయ అని రెండు పాయలున్నాయి. ఇవి స్టూవర్ట్ పట్టణం దగ్గర కలిసి, తూర్పుగా ప్రవహించి ఇండియన్ రివర్ లగూన్‌లో చేరతాయి. అక్కడి నుంచి సెయింట్ లూసీ మొగ గుండా నీరు అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది. పేరులో 'రివర్' ఉన్నా ఇండియన్ రివర్ లగూన్ నది కాదు. తీరానికి సమాంతరంగా దాదాపు 250 కిలోమీటర్ల పొడవున సాగే లోతు తక్కువ ఉప్పునీటి కయ్య అది. సమశీతోష్ణ మండలపు జీవులు, ఉష్ణమండలపు జీవులు కలిసే చోటు కావడం వల్ల ఉత్తర అమెరికాలో అత్యధిక జీవవైవిధ్యం గల నదీముఖాల్లో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు.

ఒక ఆసక్తికరమైన వాస్తవం ఏమంటే, ఇప్పుడున్న మొగ కూడా మనుషులు తెరిచినదే. 1892లో స్థానికులు ఇసుక దిబ్బను తవ్వి శాశ్వత మార్గం చేశారు. అంతకు ముందు ఎక్కువగా మంచినీటితో ఉండిన నది ఆ తరువాత ఉప్పునీటి ప్రభావంలోకి వచ్చింది. అంటే 'పూర్వపు సహజ స్థితి' అని మనం అనుకునేది కూడా ఒక చరిత్ర ఉన్న స్థితే. పునరుద్ధరణ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

ఇక్కడి ముఖ్యమైన వేట చేపలు నాలుగు. స్నూక్ – ఆకారంలోను, మొగల్లో పొంచి వేటాడే అలవాటులోను మన పండుగప్పను గుర్తుకు తెచ్చే చేప. స్పాటెడ్ సీట్రౌట్, రెడ్ డ్రమ్ – రెండూ మన గొరక చేపల కుటుంబానికి చెందినవే. టార్పన్ – గాలానికి తగిలాక నీటిపైకి ఎగిరి పోరాడే భారీ చేప. వీటిలో సీట్రౌట్ సముద్రపు గడ్డి మేటలను అంటిపెట్టుకుని బతుకుతుంది. గాలంతో పట్టిన స్పాటెడ్ సీట్రౌట్‌లలో ప్రపంచ రికార్డుగా నమోదైన 17 పౌండ్ల 7 ఔన్సుల (దాదాపు 7.9 కిలోల) చేప 1995లో ఈ లగూన్ ఒడ్డున ఉన్న ఫోర్ట్ పియర్స్ దగ్గరే దొరికింది. ఆ రోజుల్లో ఇక్కడి గడ్డి మేటలు ఎంత బలంగా ఉండేవో ఊహించడానికి ఈ ఒక్క అంకె చాలు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
అ) నదీముఖం ఆరోగ్యాన్ని నిర్ణయించే నాలుగు ప్రశ్నలు ఏవి?
ఆ) స్పాటెడ్ సీట్రౌట్‌కు సముద్రపు గడ్డితో గల సంబంధం ఏమిటి?

9.4 నీటి దారి మార్చిన కట్టడాలు

సెయింట్ లూసీకి పడమరగా, లోతట్టున ఓకీచోబీ సరస్సు ఉంది. దీని వైశాల్యం దాదాపు 1,900 చదరపు కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం మూడు మీటర్లకు లోపే. సహజ స్థితిలో ఈ సరస్సుకు, సెయింట్ లూసీకి ఏ సంబంధమూ లేదు. ఉత్తరాన కిస్సిమ్మీ నది నుంచి నీరు సరస్సులోకి వచ్చేది. వానాకాలంలో సరస్సు నిండితే దక్షిణపు అంచు మీదుగా పొర్లి, ఎవర్‌గ్లేడ్స్ అనే విశాలమైన గడ్డి చిత్తడి నేలగుండా మెల్లగా పారి, రాష్ట్రపు దక్షిణ కొసన సముద్రంలో కలిసేది. ఈ దారిలో గడ్డి, మట్టి నీటిలోని పోషకాలను పీల్చుకునేవి.

ఈ దారి నాలుగు దశల్లో మారింది.

మొదటి దశ: 1880లలో చిత్తడి నేలలను ఎండగట్టి సాగులోకి తేవాలన్న ఆలోచనతో సరస్సును పడమటి తీరంలోని కలూసహాచీ నదికి కాలువతో కలిపారు.

రెండవ దశ: 1916 – 1924 మధ్య తూర్పు వైపున సెయింట్ లూసీ కాలువ తవ్వారు. దీనినే ఇప్పుడు సి-44 కాలువ అంటారు. ఇది సెయింట్ లూసీ దక్షిణ పాయలో కలుస్తుంది. తనకు సంబంధం లేని ఒక పెద్ద సరస్సుకు సెయింట్ లూసీ ఆ రోజు నుంచి వరద కాలువ అయింది.

మూడవ దశ: 1926లోను, 1928లోను వచ్చిన తుపానులు సరస్సు నీటిని ఒడ్డు దాటించాయి. 1928 తుపానులో కనీసం 2,500 మంది మరణించారు. వారిలో అత్యధికులు పొలాల్లో పనిచేసే నల్లజాతి వలస కూలీలు. ఆ విషాదం తరువాత సరస్సు చుట్టూ అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం భారీ కరకట్ట నిర్మించింది. హెర్బర్ట్ హూవర్ కరకట్ట అనే ఈ కట్టడం పొడవు దాదాపు 230 కిలోమీటర్లు. దీనివల్ల దక్షిణానికి పొర్లే నీటి దారి పూర్తిగా మూసుకుపోయింది. సరస్సుకు దక్షిణంగా దాదాపు ఏడు లక్షల ఎకరాల నేల ప్రధానంగా చెరకు సాగుకు మళ్లింది.

నాలుగవ దశ: 1962 – 1971 మధ్య వరద నివారణ కోసం కిస్సిమ్మీ నదిని తిన్నగా తవ్వారు. వంకర టింకరగా 166 కిలోమీటర్లు సాగిన నది 90 కిలోమీటర్ల కాలువగా మారింది. ఇరువైపులా వరద మైదానం ఎండిపోయింది. పచ్చిక బయళ్ల నుంచి, పశువుల కొట్టాల నుంచి, పట్టణాల నుంచి వచ్చే భాస్వరం మట్టిలో ఇంకే అవకాశం లేకుండా వేగంగా సరస్సులో చేరడం మొదలైంది.

ఈ నాలుగు దశలను కలిపి చూడండి. సరస్సులోకి నీరు ముందుకంటే వేగంగా, ఎక్కువ పోషకాలతో వస్తుంది. దక్షిణంగా పోవలసిన దారి మూసుకుంది. సరస్సు మట్టం పెరిగితే కరకట్ట తెగే ప్రమాదం ఉంది. కట్ట వెనుక ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. అప్పుడు అధికారులకు మిగిలే మార్గం తూర్పున సెయింట్ లూసీకి, పడమర కలూసహాచీకి గేట్లు ఎత్తడమే. కట్ట వెనుక ఉన్న కుటుంబం కోణం నుంచి చూస్తే గేట్లు ఎత్తడం ప్రాణరక్షణ. స్టూవర్ట్ రేవులో పడవ నడిపి బతికే గైడు కోణం నుంచి చూస్తే అదే పని ఆ సంవత్సరపు సంపాదన మునిగిపోవడం. ఇద్దరి మాటా నిజమే. పర్యావరణ సమస్యల్లో చాలావరకు ఇలాగే ఉంటాయి.

9.5 క్షీణత జరిగే విధానం

గేట్లు ఎత్తాక నదీముఖంలో ఏం జరుగుతుందో ఇప్పుడు వరుసగా పరిశీలిద్దాం.

9.5.1 లవణీయత పడిపోవడం

మంచినీరు ఉప్పునీటికంటే తేలిక. పెద్ద మొత్తంలో వచ్చినప్పుడు అది పై పొరగా పరుచుకుంటుంది. కింది పొరకు గాలితో సంబంధం తెగి, అక్కడి ఆక్సిజన్ తగ్గిపోతుంది. విడుదల వారాల తరబడి సాగితే మొత్తం నదీముఖమే మంచినీటి చెరువులా మారుతుంది.

చేపలు ఈదుకుంటూ వేరే చోటికి పోగలవు. ఆల్చిప్పలు పోలేవు. ఈ ప్రాంతపు ఆల్చిప్పలకు కిలో నీటికి 10 నుంచి 25 గ్రాముల ఉప్పు అనుకూలం. అది 5 గ్రాములకంటే దిగువకు పడిపోయి కొన్ని వారాలు అలాగే ఉంటే అవి మరణిస్తాయి. ఆల్చిప్పల దిబ్బలు చిన్న జీవులకు ఇళ్లు, నీటికి వడపోత యంత్రాలు. ఎదిగిన ఒక్క ఆల్చిప్ప రోజుకు పదుల లీటర్ల నీటిని వడగట్టగలదు. అవి చనిపోవడం అంటే నీటిని శుభ్రం చేసే వ్యవస్థ కూడా పోవడమే.

9.5.2 వెలుతురు అందకపోవడం

సరస్సు నుంచి, కాలువ గట్ల నుంచి వచ్చే నీరు గోధుమ రంగులో, మెత్తని ఒండ్రుతో ఉంటుంది. ఈ ఒండ్రు నదీముఖంలో నెమ్మదిగా దిగి, నల్లని జిగట బురదగా పేరుకుంటుంది. సముద్రపు గడ్డి నాచు కాదు. వేళ్లు, ఆకులు, పూలు గల మొక్క. దానికి ఎండ కావాలి. నీరు మసకబారితే లోతులో ఉన్న గడ్డి మొదట చస్తుంది. గడ్డి వేళ్లు పట్టి ఉంచిన మట్టి అప్పుడు వదులై, ప్రతి గాలికీ పైకి లేచి నీటిని మరింత మసకబారుస్తుంది. దానితో మిగిలిన గడ్డి కూడా చస్తుంది. ఫలితమే మళ్లీ కారణంగా మారే ఇటువంటి చక్రాన్ని 'ధనాత్మక ప్రతిపుష్టి' అంటారు. పేరులో 'ధనాత్మక' అని ఉన్నంత మాత్రాన మంచిదని అర్థం కాదు. మార్పు తనను తానే పెంచుకుంటుందని అర్థం.

9.5.3 పోషకాధిక్యత, శైవలాల విజృంభణ

నత్రజని, భాస్వరం పంటకు ఎంత అవసరమో నీటిలోని సూక్ష్మ శైవలాలకూ అంతే అవసరం. అవి అతిగా చేరితే శైవలాలు విపరీతంగా పెరుగుతాయి. దీన్నే పోషకాధిక్యత లేదా యూట్రాఫికేషన్ అంటారు. ఓకీచోబీ సరస్సులోకి ఏడాదికి 140 మెట్రిక్ టన్నులకు మించి భాస్వరం చేరకూడదని 2001లో పరిమితి నిర్ణయించారు. అనేక సంవత్సరాల్లో వాస్తవంగా చేరినది ఇందుకు రెట్టింపుకంటే ఎక్కువే.

వేసవిలో సరస్సు మీద మైక్రోసిస్టిస్ అనే సయనోబాక్టీరియా (నీలి ఆకుపచ్చ శైవలం) తెట్టులా పరుచుకుంటుంది. ఇది మంచినీటి జీవి. మామూలుగా ఉప్పునీటిలో బతకలేదు. కానీ గేట్లు ఎత్తి నదీముఖాన్నే మంచినీటిగా మార్చినప్పుడు ఈ తెట్టు కాలువ వెంట దిగి స్టూవర్ట్ దాకా వస్తుంది. 2016 వేసవిలో ఇలాగే జరిగింది. రేవుల్లో దట్టమైన ఆకుపచ్చ తెట్టు పేరుకుపోయింది. ఇవి తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషపదార్థం కాలేయానికి హానికరం. ఆ ఏడాది జూన్ చివర ఫ్లోరిడా గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. 2018లోనూ ఇటువంటి ప్రకటనే వెలువడింది.

రాత్రిళ్లు శైవలాలు కిరణజన్య సంయోగక్రియ చేయవు. శ్వాస మాత్రం తీసుకుంటాయి. అవి చచ్చి కుళ్లేటప్పుడు బాక్టీరియా మరింత ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటి చేపలు తేలిపోవడానికి కారణం ఇదే. మన రొయ్యల చెరువుల రైతులు తెల్లవారుజామున ఏరియేటర్లు తిప్పడం మీరు చూసే ఉంటారు. సూత్రం ఒకటే. చెరువుకు ఏరియేటర్ పెట్టగలం, నదీముఖానికి పెట్టలేం.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
అ) ఓకీచోబీ సరస్సు నుంచి సెయింట్ లూసీకి నీరు వదలవలసిన పరిస్థితి ఎందుకు ఏర్పడింది?
ఆ) మంచినీటి శైవలం ఉప్పునీటి నదీముఖంలోకి ఎలా చేరగలిగింది?

9.6 సరస్సు నీరు చేరని చోట

ఇంతవరకు చదివాక 'తప్పంతా సరస్సు నీటిదే' అనిపించవచ్చు. అక్కడి ప్రజల్లో కూడా చాలాకాలం ఈ అభిప్రాయం బలంగా ఉంది. దీన్ని పరీక్షించడానికి ఒక మార్గం ఉంది. సరస్సు నీరు చేరని చోట ఏం జరిగిందో చూడాలి.

ఇండియన్ రివర్ లగూన్ ఉత్తర భాగం సెయింట్ లూసీ మొగకు చాలా దూరం. ఓకీచోబీ నీరు అక్కడికి చేరదు. అయినా 2011లో శైవలాల మహా విజృంభణ అక్కడే మొదలైంది. మరుసటి ఏడాది గోధుమరంగు శైవలం విజృంభించింది. 2016 మార్చిలో బనానా రివర్ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో చేపలు చచ్చి తేలాయి. 2011 తరువాతి దశాబ్దంలో లగూన్‌లోని సముద్రపు గడ్డిలో సగానికి పైగా నశించింది.

ఇక్కడి కారణాలు ఇళ్ల ముంగిట ఉన్నాయి. ఇసుక నేలల్లో కట్టిన సెప్టిక్ ట్యాంకుల నుంచి నత్రజని భూగర్భజలం ద్వారా లగూన్‌లోకి ఊరుతుంది. పచ్చిక లాన్లకు చల్లిన ఎరువు వానతో కొట్టుకొస్తుంది. రోడ్లు, పైకప్పుల మీది వాననీరు మురుగు కాలువల ద్వారా నేరుగా చేరుతుంది. దశాబ్దాలుగా పేరుకున్న బురద తనలోని పోషకాలను తిరిగి నీటిలోకి వదులుతుంది. పైగా ఆ భాగంలో మొగలు తక్కువ కాబట్టి సముద్రపు నీరు వచ్చి కడిగేది కూడా తక్కువే.

దీని ఫలితం చేపలకే పరిమితం కాలేదు. మానటీ (సముద్రపు ఆవు) గడ్డి తిని బతికే జంతువు. చలికాలంలో ఇవి ఒక విద్యుత్కేంద్రం విడిచే వెచ్చని నీటి దగ్గర చేరతాయి. చుట్టుపక్కల గడ్డి లేక, చలిలోకి దూరం పోలేక అవి ఆకలితో చనిపోసాగాయి. 2021లో ఫ్లోరిడా మొత్తం మీద దాదాపు 1,100 మానటీలు మరణించాయి. 2021-22 చలికాలంలో ప్రభుత్వ సంస్థలు లెట్యూస్ ఆకుకూర తెచ్చి వాటికి మేతగా వేయవలసి వచ్చింది. అడవి జంతువుకు మనిషి చేతి మేత పెట్టడం సాధారణంగా నిషిద్ధం. అలాంటి నియమాన్నే పక్కన పెట్టే స్థితి వచ్చిందంటే నష్టం ఎంతటిదో గ్రహించండి.

కాబట్టి ఒక జలవనరులో ఒకే రకమైన లక్షణం కనిపించినా, ఒక్కొక్క భాగంలో కారణం వేరు కావచ్చు. దక్షిణాన సరస్సు నీటి విడుదల, దానితోపాటు సెయింట్ లూసీ సొంత పరీవాహక ప్రాంతపు వ్యర్థజలం. ఉత్తరాన స్థానిక కాలుష్యం. పరిష్కారాలు కూడా వేరువేరుగానే ఉండాలి.

9.7 వేట నియమాలు ఎందుకు చాలలేదు?

చేపలు తగ్గినప్పుడు మొదట తట్టే కారణం అతివేట. 1994 నవంబరులో ఫ్లోరిడా ఓటర్లు తమ రాష్ట్ర రాజ్యాంగానికి ఒక సవరణను ఆమోదించారు. అది తీరజలాల్లో గిల్ వలలను నిషేధించింది. గాలపు వేటగాళ్ల సంఘాలు, పత్రికలు దీని కోసం పెద్ద ఎత్తున ప్రచారం చేశాయి. ఓటర్లలో దాదాపు 72 శాతం మద్దతిచ్చారు. 1995 జూలై 1 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. వల మీద బతికిన అనేక కుటుంబాలు ఆ వృత్తి వదులుకోవలసి వచ్చింది. దీనికి తోడు కనీస పరిమాణం, రోజుకు పట్టదగిన సంఖ్య, వేట నిషేధ కాలం వంటి నియమాలూ ఉన్నాయి.

వలల ఒత్తిడి తగ్గింది. అయినా పదిహేనేళ్లు గడిచేసరికి లగూన్‌లో గడ్డి కూలింది. 2022 సెప్టెంబరు 1 నుంచి ఇండియన్ రివర్ లగూన్ ప్రాంతంలో రెడ్ డ్రమ్‌ను పట్టినా తిరిగి నీటిలో వదలాలనే నియమం పెట్టారు. గాలం వేసేవారు చేపను వదలడానికి ఒప్పుకున్నారు. కానీ వదిలిన చేప పెరగడానికి, దాని పిల్లలు దాక్కోవడానికి గడ్డి ఏది?

ఇక్కడ మీరు రెండు భావనలను వేరుచేసి గుర్తుంచుకోవాలి. వేట నియంత్రణ అంటే నీటి నుంచి తీసే చేపల సంఖ్యను తగ్గించడం. ఆవాస సంరక్షణ అంటే ఆ నీటికి చేపలను పెంచే శక్తి తగ్గకుండా చూడడం. మొదటిది అవసరమే. రెండవది లేకపోతే మొదటిది కొంత కాలం ఓదార్పునిస్తుందే తప్ప చేపలను తిరిగి తేలేదు. మొదటిదానికి గాలం, వల పట్టేవారు నియమం పాటిస్తే చాలు. రెండవదానికి గాలం ఎన్నడూ పట్టని రైతు, గృహస్థు, ఇంజనీరు కూడా మారాలి. అందుకే అది కష్టం.

9.8 జ్ఞాపకం – కొలమానం

క్షీణతను కొలవడానికి పూర్వస్థితి తెలియాలి. కానీ ప్రతి తరం తాను చిన్నప్పుడు చూసిన నదినే 'సహజమైన నది' అనుకుంటుంది. తాత చూసిన నదిలో సగం తండ్రి చూస్తాడు; తండ్రి చూసినదానిలో సగం కొడుకు చూస్తాడు; కొడుకు దాన్నే పూర్తి నదిగా లెక్కిస్తాడు. మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో ఈ ధోరణికి 'జరిగిపోయే ఆధారరేఖ' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు.

ఫ్లోరిడా దక్షిణ కొసన ఉన్న కీ వెస్ట్‌లో జరిగిన ఒక పరిశోధన దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ విహార వేటకు వెళ్లి వచ్చినవారు ఆ రోజు పట్టిన పెద్ద చేపలను బోర్డుకు వేలాడదీసి ఫోటో దిగడం ఆనవాయితీ. లోరెన్ మెక్‌క్లెనకన్ అనే పరిశోధకురాలు దశాబ్దాల నాటి ఫోటోలను పరిశీలించింది. 1956లో వేలాడదీసిన చేప సగటు బరువు దాదాపు 19.9 కిలోలు ఉండగా, 2007 నాటికి 2.3 కిలోలకు పడిపోయింది. ఫోటోల్లో మనుషులు మాత్రం అదే ఆనందంతో నవ్వుతున్నారు. అది పగడపు దిబ్బల ప్రాంతం. అక్కడి కారణాలు సెయింట్ లూసీకి పూర్తిగా వర్తించవు. అయితే పాత ఫోటో, పాత డైరీ, పాత రికార్డు శాస్త్రానికి సాక్ష్యంగా పనికొస్తాయన్న పాఠం ఎక్కడైనా వర్తిస్తుంది.

కృత్యం: మీ ఊరికి దగ్గరలోని నది, వాగు లేదా చెరువును ఎంచుకోండి. అక్కడ చేపలు పట్టే ముగ్గురిని – ఒకరు అరవై దాటినవారు, ఒకరు నలభై ప్రాంతంవారు, ఒకరు ఇరవై ప్రాంతంవారు – కలవండి. తాము చూసిన అతి పెద్ద చేప ఏది, ఇప్పుడు కనబడని చేప ఏది, నీటి రంగు ఎప్పుడు మారింది అని ముగ్గురినీ అడగండి. జవాబులను పట్టికగా రాసి, తేడాలను అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌తో చర్చించండి.

9.9 పునరుద్ధరణ ప్రయత్నాలు

కిస్సిమ్మీ నదిని తిన్నగా చేసినది పొరపాటని ప్రభుత్వమే అంగీకరించింది. 1992లో పునరుద్ధరణకు అనుమతి లభించింది. 1999లో కాలువను మట్టితో పూడ్చడం మొదలుపెట్టి, 2021లో పూర్తిచేశారు. దాదాపు 70 కిలోమీటర్ల మేర నది తన పాత వంకల్లో తిరిగి ప్రవహిస్తున్నది. తవ్వడానికి తొమ్మిదేళ్లు పడితే, పూడ్చడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. పైగా పూడ్చినది కాలువలో కొంత భాగమే.

ఎవర్‌గ్లేడ్స్ సమగ్ర పునరుద్ధరణ ప్రణాళికను 2000లో అమెరికా కాంగ్రెసు ఆమోదించింది. సరస్సు నీటిని తూర్పు, పడమరలకు వృథాగా వదలకుండా నిల్వచేసి, శుభ్రపరచి, తిరిగి దక్షిణానికి పంపడం దీని సారాంశం. ఇందులో భాగంగా సి-44 కాలువ పక్కన జలాశయాన్ని, దానిని ఆనుకుని వడపోతకు కృత్రిమ చిత్తడి నేలను నిర్మించి 2021 నవంబరులో ప్రారంభించారు. దాని సామర్థ్యం 50,600 ఎకరపు అడుగులు, అంటే మన లెక్కలో దాదాపు 2.2 టి.ఎం.సి.లు. అయితే గట్టు నుంచి నీరు ఊరడం వల్ల దాన్ని పూర్తిగా నింపలేకపోయారు. సరస్సుకు దక్షిణంగా 2,40,000 ఎకరపు అడుగుల (దాదాపు 10.5 టి.ఎం.సి.ల) మరో జలాశయ నిర్మాణాన్ని చేపట్టారు. సరస్సు మట్టాన్ని, గేట్ల నిర్వహణను నిర్దేశించే కొత్త నియమావళిని 2024లో ఆమోదించారు.

స్థానికంగా సెప్టిక్ ట్యాంకులను తొలగించి ఇళ్లను మురుగు శుద్ధి వ్యవస్థకు కలపడం, వానాకాలంలో లాన్లకు ఎరువు వేయడాన్ని నిషేధించడం, పేరుకున్న బురదను తోడివేయడం, ఆల్చిప్పల దిబ్బలను, గడ్డిని తిరిగి నాటడం వంటి పనులు సాగుతున్నాయి. వీటిలో వరుసక్రమం ముఖ్యం. నీరు తేటపడకముందే గడ్డి నాటితే ఆ గడ్డి కూడా చస్తుంది.

9.10 గోదావరితో పోలిక

ఈ కథ మనకు దూరం కాదు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 – 1852 మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టారు. కరువుతో అల్లాడిన డెల్టాకు అది అన్నం పెట్టింది. సముద్రంలో ఇలస అని, గోదావరి వరదనీటికి ఎదురీదాక పులస అని పిలిచే చేపకు మాత్రం అది అడ్డుగోడ అయింది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న నానుడి ఒకప్పుడు రుచిని చెప్పేది. ఇప్పుడు ధరను కూడా చెబుతున్నది.

పోలికతోపాటు తేడాను కూడా గమనించండి. సెయింట్ లూసీకి రాకూడని సమయంలో అతిగా మంచినీరు వస్తుంది. గోదావరి పాయలకు వేసవిలో రావలసినంత మంచినీరు రాదు; అందువల్ల ఉప్పునీరు పాయల్లో పైకి ఎగదన్నుతుంది. రెండు చోట్లా చెడినది నీటి పరిమాణం, దాని కాలం. 9.2లో చెప్పుకున్న నాలుగు ప్రశ్నలను ఏ నదీముఖానికైనా వేసి చూడవచ్చనడానికి ఇదే రుజువు.

మీ ప్రగతిని తెలుసుకోండి – 3
అ) వేట నియంత్రణకు, ఆవాస సంరక్షణకు గల తేడా ఏమిటి?
ఆ) నీరు తేటపడకముందే సముద్రపు గడ్డి నాటడం ఎందుకు వృథా?

9.11 సారాంశం

సెయింట్ లూసీ నదీముఖం, ఇండియన్ రివర్ లగూన్ గాలపు వేటకు పేరుపొందిన జలాలు. 1916 – 1924 మధ్య తవ్విన కాలువ, 1928 విషాదం తరువాత వచ్చిన కరకట్ట, 1962 – 1971 మధ్య తిన్నగా మారిన కిస్సిమ్మీ కలిసి ఓకీచోబీ సరస్సు నీటిని సెయింట్ లూసీకి మళ్లించాయి. అధిక మంచినీరు ఆల్చిప్పలను, మసక నీరు గడ్డిని దెబ్బతీశాయి. పోషకాలు శైవలాలను పెంచాయి. సరస్సు నీరు చేరని ఉత్తర లగూన్‌లో సెప్టిక్ ట్యాంకులు, ఎరువులు, వాననీటి కాలువలు అదే ఫలితానికి దారితీశాయి. వేట నియమాలు అవసరమైనవే కాని, ఆవాసం పోయినచోట అవి చాలవు. పునరుద్ధరణ సాధ్యమే, కాని చెడగొట్టడానికి పట్టిన కాలంకంటే ఎక్కువ కాలం, ఎక్కువ ఓర్పు కావాలి.

9.12 కీలక పదాలు

నదీముఖం : నది మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలిసే పాక్షికంగా మూసుకున్న జలభాగం.
లవణీయత : నీటిలో కరిగి ఉన్న ఉప్పు పరిమాణం.
పోషకాధిక్యత : నత్రజని, భాస్వరం అతిగా చేరడంవల్ల శైవలాలు విపరీతంగా పెరగడం.
ధనాత్మక ప్రతిపుష్టి : ఒక మార్పు ఫలితమే ఆ మార్పును మరింత పెంచడం.
జరిగిపోయే ఆధారరేఖ : ప్రతి తరం తాను చూసిన క్షీణ స్థితినే సహజ స్థితిగా భావించడం.
ఎకరపు అడుగు : ఒక ఎకరం నేల మీద ఒక అడుగు ఎత్తున నిలిచే నీటి పరిమాణం.

9.13 మీ ప్రగతిని తెలుసుకోండి – సమాధానాలు

1. అ) ఎంత నీరు, ఏ కాలంలో, ఎంత వేగంగా, ఏ నాణ్యతతో వస్తుందన్నవి. ఆ) సీట్రౌట్ గడ్డి మేటలను అంటిపెట్టుకుని బతుకుతుంది, గడ్డి నశిస్తే దాని ఆవాసం పోతుంది.
2. అ) కరకట్టవల్ల దక్షిణపు దారి మూసుకుపోయింది, మట్టం పెరిగితే కట్ట తెగే ప్రమాదం ఉంది కాబట్టి కాలువల ద్వారా నీరు వదలవలసి వస్తుంది. ఆ) నీటి విడుదలవల్ల నదీముఖం లవణీయత పడిపోయి, మంచినీటి జీవి బతకడానికి అనువుగా మారింది.
3. అ) మొదటిది తీసే చేపల సంఖ్యను తగ్గిస్తుంది, రెండవది చేపలను పెంచే నీటి శక్తిని కాపాడుతుంది. ఆ) గడ్డికి ఎండ అవసరం, మసక నీటిలో నాటినది కూడా చనిపోతుంది.

9.14 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. ఓకీచోబీ సరస్సు నీటి దారి నాలుగు దశల్లో ఎలా మారిందో, దాని ప్రభావం సెయింట్ లూసీపై ఎలా పడిందో వివరించండి.
2. "గేట్లు ఎత్తడం ఒకరికి రక్ష, మరొకరికి నష్టం." ఈ వాక్యాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. సముద్రపు గడ్డి నశించడంలో ధనాత్మక ప్రతిపుష్టి పాత్రను తెలపండి.
2. ఉత్తర లగూన్ క్షీణతకు గల స్థానిక కారణాలను రాయండి.
3. సెయింట్ లూసీకి, గోదావరి పాయలకు గల పోలికను, భేదాన్ని వివరించండి.